శామీర్‌పేటను చదివిన ఆచార్యుడు

సికింద్రాబాదునుండి కరీంనగరునకు పోవు రహదారిపై ప్రయాణించువారికి శామీర్‌పేట పెద్దచెరువు కనులపండువుగా గోచరించును. నేడు ఆ పరిసరములు విద్యాసంస్థలకు నెలవులు. న్యాయశాస్త్రమును బోధించు నల్సార్ విశ్వవిద్యాలయము అచ్చటనే వెలసినది. పిలానీ సాంకేతిక విద్యాసంస్థవారి హైదరాబాదు ప్రాంగణమును దానికి దాపుననే యున్నది. దేశము నలుమూలలనుండి వచ్చిన యువతీయువకులు ఆ ప్రహరీగోడల లోపల విద్య నభ్యసించుచున్నారు. అయితే ఈ యూరికి విశ్వవిద్యాలయము వచ్చుట ఇది మొదటిమారు గాదు. 1951-52 ప్రాంతమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు అధ్యాపకులును విద్యార్థులును ఈ గ్రామమునకు వచ్చిరి. గ్రామమునకు కొంత మేలు చేయవలెనని వచ్చిరి. అంతకుముందు గ్రామమును తెలిసికొనవలెనని వచ్చిరి.

ఆ బృందమునకు నాయకుడు శ్యామాచరణ దూబే. సమాజశాస్త్రము చదివిన విద్యార్థులకు ఆయన పేరు సుపరిచితము. ఆయన రచించిన ఇండియన్ విలేజ్ అను గ్రంథము దేశవిదేశములలోని విద్యార్థులకు పఠనీయగ్రంథమైనది. భారతదేశపు పల్లె యెట్టిదని తెలియగోరిన విదేశీయుల చేతికి దశాబ్దములపాటు ఆచార్యులు అందించిన పుస్తకములలో అది యొకటి. ఆ పుస్తకములోని పల్లె తెలుగు పల్లె. మేడ్చల్ సీమలోని శామీర్‌పేటయే దేశమంతటికిని ప్రతినిధిగా నిలిచి, ప్రపంచమునకు భారతగ్రామ స్వరూపమును తెలిపినది. ఈ సంగతి మన విద్యార్థులు ఎరుగదగినది.

సంఘసేవకు పూనుకొనదలచిన యువకునకు ఎట్టి శిక్షణ మీయవలెనను ప్రశ్న నేటికిని తీరలేదు. తరగతిలో సిద్ధాంతములు నేర్పవచ్చును. దయ, ఓర్పు, త్యాగము మంచివని చెప్పవచ్చును. కాని ఎవరికి సేవ చేయవలెనో, వారి బ్రతుకు ఎట్లు అల్లుకొని యున్నదో తెలియనివాని సేవ ఎంతదూరము పోగలదు? దూబే జీవితమంతయు ఈ ప్రశ్న చుట్టు తిరిగినది. కావున ఆయన చరిత్ర ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ప్రత్యేకముగా పరిశీలింపదగినది.

అడవిలో ఆరంభము

దూబే 1922వ సంవత్సరము జూలై 25వ తేదీన నాటి మధ్యపరగణాలలో, అనగా నేటి మధ్యప్రదేశ్ ప్రాంతమున, జన్మించిరి. ఆయన మాతృభాష హిందీ. నాగపూరు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము నభ్యసించిరి. రాజ్యాంగములను, ప్రభుత్వములను గూర్చి చదివిన ఆ యువకుని మనస్సు క్రమముగా ప్రభుత్వపు నీడ అంతగా సోకని ప్రజలవైపు మరలినది. ఛత్తీస్‌గఢ్ అడవులలో కమారు లను గిరిజనులు కలరు. అడవిని కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లి పంట తీయుట, వెదురుతో బుట్టలు అల్లుట వారి జీవనాధారములు. అటవీశాసనములు వచ్చి పోడు వ్యవసాయమును అడ్డగించినపుడు వారి బ్రతుకు తలక్రిందులైనది. దూబే వారి నడుమ మెలగి, వారి కుటుంబవ్యవస్థను, దేవతలను, కట్టుబాట్లను పరిశీలించి పరిశోధనగ్రంథము రచించిరి. అది 1951లో అచ్చైనది. ఛత్తీస్‌గఢ్ పల్లెపాటలను గూడ ఆయన సేకరించి ప్రకటించిరి.

పాటలు సేకరించుట చిన్నపని వలె తోచును. కాని దాని వెనుక ఒక శిక్షణ కలదు. పాట పాడుమని పరాయివాడు అడిగినంతనే పల్లెవారు పాడరు. వారితో కూర్చుండవలెను; వారి పనివేళలు తెలిసికొనవలెను; ఏ పాట ఏ పండుగకు, ఏ పాట ఏ పంటకు అని గుర్తింపవలెను. వినుట నేర్చినవానికే పాట దొరకును. ఈ వినికిడి అలవాటు దూబేకు తరువాతి జీవితమున పెట్టుబడియైనది.

నాగపూరులోని హిస్లాప్ కళాశాలలోను, పిదప లక్నో విశ్వవిద్యాలయములోను అధ్యాపకుడుగా పనిచేసి ఆయన హైదరాబాదు చేరిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు సమాజశాస్త్రశాఖలో ఆయనకు స్థానము లభించినది. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లైనను నిండలేదు.

నాటి హైదరాబాదు

దూబే ప్రవేశించునాటి హైదరాబాదు సంక్షోభములో నుండెను. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరిగి నిజాము పాలన ముగిసినది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. తెలంగాణపు పల్లెలలో రైతుల సాయుధపోరాటము 1951 అక్టోబరువరకు సాగినది. అదే సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే భూదానోద్యమమునకు అంకురార్పణ చేసిరి. భూమి ఎవరిది, పల్లెలో పెత్తనమెవరిది అను ప్రశ్నలు ఊరూర రగులుచున్న కాలమది.

విశ్వవిద్యాలయము గూడ మార్పునకు లోనైనది. 1918లో స్థాపితమైన ఉస్మానియాలో మూడు దశాబ్దములపాటు ఉర్దూ బోధనాభాషగా నుండెను. పోలీసుచర్య తరువాత ఆంగ్లము ఆ స్థానము నాక్రమించినది. ఉర్దూ గాని, ఆంగ్లము గాని తెలంగాణ రైతు ఇంటిభాష కాదు. పట్టభద్రునకును పల్లెవానికిని నడుమ చదువొక గోడవలె నిలిచినది. వ్యవసాయశాస్త్రము చదివినవాడు కచేరీలో ఉద్యోగము కోరుచుండెను. వైద్యము చదివినవాడు నగరము విడుచుట కిచ్చగింపకుండెను.

అయినను ఉస్మానియాలో ఒక మంచి సంప్రదాయ మప్పటికే మొలకెత్తి యుండెను. ఆస్ట్రియా దేశీయుడైన హైమండార్ఫ్ పండితుడు నల్లమల చెంచులను, గోదావరీ తీరపు కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను పరిశీలించి గ్రంథములు వ్రాసిరి. కొమురం భీము నాయకత్వమున జరిగిన తిరుగుబాటు, 1940లో ఆయన మరణము ప్రభుత్వమును ఆలోచింపజేసినవి. ఆ పిమ్మట హైమండార్ఫ్ సలహాపై 1943లో మార్లవాయి గ్రామమున గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణకేంద్రము నెలకొల్పిరి. గోండీ భాషలో వాచకములు తయారైనవి. పరిశోధన చేసినవాడు ఫలితమును గ్రంథములో వదలివేయక, దానినుండి పాఠశాలను పుట్టించుట అచ్చట చూచుచున్నాము. హైమండార్ఫ్ ఉస్మానియాలో ఆచార్యపదవి నిర్వహించి 1949లో లండనునకు తరలిపోయిరి. ఆయన విడిచిన చోట దూబే పనికి పూనుకొనిరి.

ఊరిలో విశ్వవిద్యాలయము

సంఘసేవకులకు శాస్త్రీయమైన శిక్షణ మిచ్చు విద్యాలయములు అప్పటికి మన దేశమున వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. 1936లో బొంబాయిలో టాటాల ధర్మనిధితో మొదటిది ఆరంభమైనది. అమెరికా దేశీయుడగు క్లిఫోర్డ్ మాన్‌షార్డ్ దానికి తొలి సంచాలకుడు. బొంబాయి కార్మికవాడల అనుభవమే దానికి పునాది. 1946లో మరియొకటి వచ్చినది. ఇవి నగరములలో పుట్టినవి, నగరసమస్యలతో పెరిగినవి. దేశప్రజలలో అత్యధికులు నివసించు పల్లెలలో పనిచేయుటకు యువకులను ఎట్లు తీర్చిదిద్దవలెనన్న దానికి మార్గ మింకను ఏర్పడలేదు.

ఉస్మానియా చేపట్టిన సంఘసేవా విస్తరణ ప్రణాళిక ఈ లోటును తీర్చుటకు జరిగిన ప్రయత్నములలో ఒకటి. ఒక శాఖవారే కాక, పెక్కు శాఖలవారు కలిసి ఒకే గ్రామమున పనిచేయుట దాని విశేషము. వ్యవసాయము, పశువైద్యము, వైద్యము, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము ఇందు పాలుగొనినవి. దూబే ఈ బృందమునకు సారథ్యము వహించిరి. ఎన్నుకొన్న గ్రామము శామీర్‌పేట. గ్రామమును పరిశీలించుట, దానిని అభివృద్ధి చేయుట అనునవి రెండును ప్రణాళికకు లక్ష్యములు. గ్రామాభివృద్ధి పథకములను రూపొందించి, పరీక్షించి చూచుటకు శామీర్‌పేట ప్రయోగశాల వంటిది కావలెనని వారి సంకల్పము.

శామీర్‌పేట నాడు దాదాపు 2,500 జనాభా గల గ్రామము. హిందువులు అధికసంఖ్యాకులు, మహమ్మదీయ కుటుంబములును ఉండెను. బ్రాహ్మణ, కోమటి, కాపు, ముత్తరాసి, గొల్ల, గౌండ్ల, సాలె, కుమ్మరి, అవుసలి, వడ్ల, కమ్మరి, చాకలి, మంగలి, వడ్డెర, ఎరుకల, మాల, మాదిగ మొదలగు కులములు తమతమ వాడలలో నివసించుచుండెను. మాలమాదిగలకు ఊరిలో నివాసము లేదు. వారి గూడెములు వేరు. నగరమునకు సమీపముననున్నను గ్రామము తన కట్టుబాట్లను విడువలేదు. పోచమ్మ, ముత్యాలమ్మ, మైసమ్మ ఊరిని కాచు దేవతలు. దేశముఖు ఇల్లు ఊరిలో అధికారమునకు గుర్తు.

ఇట్టి ఊరిలోనికి విద్యార్థి ప్రవేశించిన యెడల అతనికి తొలుత కానవచ్చునది మురికి, రోగము, అప్పు, నిరక్షరాస్యత. వెంటనే ఏదో చేయవలెనని ఉత్సాహము కలుగును. దూబే మార్గము ఆ ఉత్సాహమును చంపునది కాదు. దానికి కన్నులు ప్రసాదించునది. వైద్యవిద్యార్థి విషయమే చూతము. శామీర్‌పేటవారు రోగములన్నిటిని ఒకేరీతిగా చూడరని దూబే గుర్తించిరి. జలుబు, తలనొప్పి, కడుపునొప్పి, గజ్జి వంటివి సహజముగా వచ్చునవని వారు భావింతురు. వానికి మందు పుచ్చుకొందురు. మాటిమాటికి తిరిగి వచ్చు జ్వరములు, ఎంతకును విడువని కడుపుబాధలు దయ్యములవలననో, ఎవరైన చేసిన చెడుగువలననో వచ్చినవని సందేహింతురు. మశూచి, కలరా వచ్చినచో అది అమ్మవారి ఆగ్రహము. దానికి మందు పెట్టుట అపచారము; శాంతి చేయుట కర్తవ్యము.

ఈ వివక్ష తెలియని యువవైద్యుడు టీకాల పెట్టె పుచ్చుకొని వచ్చి, జనులు పారిపోవుట చూచి, పల్లెవారు మూఢులని నిర్ణయించుకొనును. తెలిసినవాడు మరియొక విధముగా ఆలోచించును. తలనొప్పికి మందు పుచ్చుకొను జనులు మందును ద్వేషించువారు కారు. ఏ రోగమునకు ఎవరిని ఆశ్రయింపవలెనో వారి కొక లెక్క యున్నది. ఆ లెక్కను గౌరవించుచు, గజ్జిని మాన్పి నమ్మకము సంపాదించి, ఆ నమ్మకము దన్నుగా మశూచి టీకావరకు పోవలెను. ఆ దారి ఆలస్యమైనదే. కాని గమ్యమునకు చేర్చునది.

పశువైద్యము, వ్యవసాయము చదివినవారికిని ఇట్టి చిక్కులే. పశువు చచ్చినచో దాని చర్మము ఎవరికి చెందును, దానికి ప్రతిగా రైతునకు చెప్పులు, తోలుత్రాళ్లు ఎవరు సమకూర్తురు అనుదానికి ఊరిలో ఏనాటినుండియో ఏర్పాటున్నది. వడ్రంగి, కమ్మరి నాగలిని బాగుచేసినపుడు డబ్బు పుచ్చుకొనరు. పంటవేళ కళ్లములో ధాన్యము కొలిపించుకొందురు. పట్నపు ఇనుపనాగలిని రైతునకు ఇప్పించుట సులభము. దానితో కమ్మరి కుటుంబపు గింజలు ఏమగునో యోచించుట కష్టము. ఒక్క దారమును లాగినచో వస్త్రమంతయు ముడుచుకొనునట్లు, పల్లెలో ఒకదానిని కదలించినచో పది కదలును. ఇదే దూబే గ్రంథమునకు సారము.

కావున ఇంటింటి వివరములు సేకరించుట, వంశక్రమములు వ్రాసికొనుట, వృద్ధుల జీవితకథలు వినుట, పంచాయతీ తగవులు ఎట్లు తీరునో గమనించుట అను పనులు సేవకు ముందుమెట్లు. ఇవి పరిశోధకునకు మాత్రమే అవసరమని తలచుట పొరపాటు. రేపు గ్రామసేవకుడో, వైద్యుడో, ఉపాధ్యాయుడో కాబోవు యువకునకు ఇంతకుమించిన అక్షరాభ్యాసము లేదు.

ఊరు గ్రంథమైనది

శామీర్‌పేటలో సేకరించిన సామగ్రిని దూబే లండనులో నుండగా గ్రంథముగా రూపొందించిరి. అది 1955లో లండనునందే ప్రచురితమైనది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాచార్యుడగు మోరిస్ ఓప్లర్ పీఠిక వ్రాసిరి. గ్రామపరిసరము, సామాజికవ్యవస్థ, ఆర్థికవ్యవస్థ, పూజలు పండుగలు, కుటుంబబంధములు, జీవనప్రమాణములు, కలసిమెలసి బ్రతుకు తీరు, మారుచున్న దృశ్యము అని గ్రంథము క్రమముగా నడచును. పరిభాష తక్కువ, వర్ణన ఎక్కువ. అత్తాకోడండ్ర పోరునుండి దేశముఖు పలుకుబడివరకు అన్నిటికి ఇందు చోటు కలదు.

ఆ 1955వ సంవత్సరమే భారతగ్రామ పరిశీలనకు పండుగ సంవత్సరము. మైసూరు ప్రాంతమున పరిశోధన చేసిన ఎం. ఎన్. శ్రీనివాస్ సంపాదకత్వమునను, అమెరికా పండితుడగు మెకిమ్ మారియట్ సంపాదకత్వమునను గ్రామములను గూర్చిన వ్యాససంపుటములు ఆ యేడే వెలువడినవి. భారతీయ గ్రామము తనకు తానే చాలిన చిన్న గణతంత్రమని పూర్వపు ఆంగ్లాధికారులు వ్రాసిన మాట అప్పటివరకు చెలామణిలో నుండెను. దూబే శామీర్‌పేటను చూపి, ఏ గ్రామమును పూర్తిగా స్వతంత్రము కాదని నిరూపించిరి. శామీర్‌పేటవాడు తన కుటుంబమునకు, వంశమునకు, కులమునకు, ఊరికి, ఊరిని దాటిన ప్రాంతమునకు ఏకకాలమున చెందినవాడు. కులపు తగవు పొరుగూళ్ల కులపెద్దలవద్దకు పోవును. పెండ్లి సంబంధము మరియొక ఊరిలో కుదురును. ధాన్యపు ధర నగరములో నిర్ణయమగును.

ఒక్క గ్రామమును జూచి భారతగ్రామమని పేరు పెట్టుట తగునా యని అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. పంజాబు పల్లె వేరు, కేరళపు పల్లె వేరు. కాని ఒక్కదానినైన సమగ్రముగా చూచినవాడు రెండవదానివద్దకు పోయినపుడు ఏమి అడుగవలెనో ఎరిగి పోవును. ఆ దృష్టితో చూచినచో పేరు గొప్పదైనను గ్రంథము ఆ భారమును మోయగలిగినది.

రాన్‌ఖండి చెప్పిన చేదునిజము

1952 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, దేశమున 55 ప్రాంతములలో సమాజవికాస పథకములు ప్రారంభమైనవి. శామీర్‌పేటలో విశ్వవిద్యాలయము చిన్నయెత్తున తలపెట్టినదానిని ప్రభుత్వము దేశవ్యాప్తముగా తలపెట్టినది. గ్రామసేవకులకు శిక్షణ మిచ్చి పల్లెలకు పంపిరి. ఒక్కొక్కనికి పెక్కు గ్రామములు అప్పగించిరి. వ్యవసాయము, పారిశుద్ధ్యము, వయోజనవిద్య, రోడ్లు అన్నియు వాని భుజములపైననే.

దూబే కార్నెల్ విశ్వవిద్యాలయము వారి పరిశోధనలో చేరి, పశ్చిమ ఉత్తరప్రదేశమునందలి రాన్‌ఖండి మున్నగు గ్రామములలో ఈ పథకము ఎట్లు నడచుచున్నదో చూచిరి. ఆ ఫలితములను 1958లో మరియొక గ్రంథముగా ప్రకటించిరి. శామీర్‌పేట గ్రంథమునకు వచ్చినంత ప్రసిద్ధి దీనికి రాలేదు. సేవకు పూనుకొనువారికి మాత్రము ఇది మొదటిదానికంటెను ముఖ్యమైనది.

వ్యవసాయవిస్తరణ వలన కలిగిన లాభములలో దాదాపు 70 శాతము ఊరిలోని పెద్దలకు, సంపన్నులైన పలుకుబడిగల రైతులకు చేరినదని ఆయన తేల్చిరి. అధికారులు మోసము చేసిరని కాదు. మేలైన విత్తనములు, ఎరువులు ఎవరికి పంచవలెను? భూమి, నీరు, పెట్టుబడి కలవానికే అవి ఉపయోగపడును. గ్రామసేవకుడు ఊరికి రాగానే ఎవరి అరుగుపై కూర్చుండును? పెద్దరైతు అరుగుపైననే. అచ్చట కూర్చుండినవానివద్దకు కూలివాడు వచ్చుటకు జంకును. ఊరినంతటిని ఉద్ధరించుటకు వచ్చిన పథకము ఊరిలోని ఎత్తుపల్లములను సమము చేయలేకపోయినది. పెక్కుచోట్ల నీరు పల్లమునకు బదులు మిట్టకే పారినది.

మరియొక పాఠము గూడ ఆయన నేర్పిరి. అధికఫలసాయ మిచ్చు గోధుమ విత్తనమును రైతులు తొలుత సంతోషముతో పుచ్చుకొనిరి. గింజ పెద్దదే, పంట మెండే. కాని ఆ పిండితో రొట్టె చేయుట ఇల్లాలికి కష్టమైనది, రుచియు నచ్చలేదు. పొలములో గెలిచిన విత్తనము వంటింటిలో ఓడినది. పేడయెరువు గుంటలను ఊరి వెలుపల త్రవ్వుడని చెప్పిరి. పేడ ఎత్తు పని స్త్రీలది. ఇల్లు దాటి అంతదూరము తట్టలు మోసుకొనిపోవుట మర్యాదగల కుటుంబములవారికి ఇష్టము లేకపోయెను. పథకము వేసినవారు రైతును అడిగిరేమో గాని, రైతు భార్యను అడుగలేదు.

గ్రామసేవకుని స్థితిని గూర్చి దూబే సానుభూతితో వ్రాసిరి. పైనుండి అధికారి లెక్కలు అడుగును: ఎన్ని గుంటలు త్రవ్వించితివి, ఎన్ని బస్తాలు పంచితివి? క్రిందినుండి గ్రామస్థుడు మేలు కోరును. లెక్కకు అందునది చేసినచో ఉద్యోగము నిలుచును. లెక్కకు అందని స్నేహము, నమ్మకము సంపాదించుటకు కాలము చాలదు. శిక్షణకేంద్రమున ఆదర్శములు నేర్చిన యువకుడు రెండేండ్లలో దస్త్రములు నింపు గుమాస్తాగా మారుట ఆశ్చర్యము కాదు. తప్పు యువకునిది మాత్రమే కాదని, అతనిని పంపిన యేర్పాటుదియు ననియు చూపుట దూబే నిజాయితీకి నిదర్శనము.

పీఠములు, పదవులు

1957లో దూబే సాగరు విశ్వవిద్యాలయమున మానవశాస్త్రాచార్యులైరి. రెండు దశాబ్దములు ఆ పీఠము నలంకరించి ఎందరినో పరిశోధకులుగా తీర్చిదిద్దిరి. మధ్యకాలమున ముస్సోరీలో సమాజవికాస అధికారులకు ఉన్నతశిక్షణ మిచ్చుటకై ఏర్పడిన జాతీయసంస్థలో పరిశోధనకు మార్గదర్శకత్వము వహించిరి. విచిత్రమేమనగా ఆ సంస్థయే తరువాత హైదరాబాదునకు తరలివచ్చి రాజేంద్రనగరులో స్థిరపడినది. నేడు జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థగా ప్రసిద్ధిచెందినది. శామీర్‌పేటలో బీజప్రాయముగా నున్న తలపు, రూపము మారి, నగరపు మరియొక అంచునకు చేరినట్లైనది.

1972నుండి 1977వరకు సిమ్లాలోని భారతీయ ఉన్నతాధ్యయన సంస్థకు సంచాలకులుగను, పిమ్మట జమ్మూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగను పనిచేసిరి. 1975-76లో భారతీయ సమాజశాస్త్ర పరిషత్తునకు అధ్యక్షులుగా నుండిరి. ఆంగ్లమున ఎంత కీర్తి గడించినను మాతృభాషను మరువలేదు. మానవుడు, సంస్కృతి, సంప్రదాయము, పరివర్తనము అను విషయములపై హిందీలో సామాన్యపాఠకులకు తెలియునట్లు గ్రంథములు వ్రాసిరి. భారతీయ జ్ఞానపీఠమువారి మూర్తిదేవి పురస్కారము ఆయన హిందీ రచనకే లభించినది. శాస్త్రము ప్రజల భాషలోనికి దిగిరావలెనను పట్టుదల దానికి మూలము.

ఆయన సహధర్మచారిణి లీలా దూబే స్వయముగా ప్రఖ్యాత మానవశాస్త్రజ్ఞురాలు. లక్షద్వీపములలోని మహమ్మదీయుల మాతృవంశ సంప్రదాయమును గూర్చి ఆమె చేసిన పరిశోధన ప్రామాణికమైనది. స్త్రీల స్థితిగతులపై 1974లో నివేదిక సమర్పించిన జాతీయసంఘములో ఆమె సభ్యురాలు. ఎరువుగుంట విషయమున పథకకర్తలు అడుగ మరచిన ప్రశ్నను, స్త్రీ యేమనుకొనుచున్నదను ప్రశ్నను, ఆమె జీవితాంతము అడిగిరి.

వయసు పైబడినకొలది దూబేకు అభివృద్ధి యను మాటపైననే సందేహములు కలిగినవి. పాశ్చాత్యదేశములు నడచిన బాటయే అందరికి బాట కావలెనా? ఉత్పత్తి పెరిగినంత మాత్రమున మనుష్యుడు పెరిగినట్లేనా? 1988లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఈ ప్రశ్నలను విమర్శించి, ప్రత్యామ్నాయ మార్గములను అన్వేషించిరి. యౌవనమున పల్లెను ప్రయోగశాలగా ఎంచిన బృందమునకు నాయకత్వము వహించినవాడు, వార్ధక్యమున ప్రయోగము చేయు వారినే ప్రశ్నించెను. 1996 ఫిబ్రవరి 4వ తేదీన ఆయన కీర్తిశేషులైరి.

మిగిలిన ఋణము

శామీర్‌పేట తరువాత విద్యార్థులు పల్లెలకు పోవుట క్రమముగా చదువులో భాగమైనది. 1969 సెప్టెంబరు 24వ తేదీన 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవాపథకము ఆరంభమైనది. సంఘసేవను పట్టపరీక్షకు పాఠ్యవిషయముగా చదువు విద్యార్థులకు క్షేత్రశిక్షణ తప్పనిసరి. శిబిరములు జరుగుచున్నవి, రోడ్లు ఊడ్చుచున్నారు, మొక్కలు నాటుచున్నారు, నివేదికలు వ్రాయుచున్నారు. ఇందు మంచి లేకపోలేదు. కాని ఆ నివేదికలను పరిశీలించు ఉపాధ్యాయుడు విద్యార్థిని ఒక్క ప్రశ్న యడిగిన బాగుండును. ఆ యూరిలో ఎవరి ఇంటికి పోలేదు? పోని ఇల్లు ఏ వాడలో నున్నది? దూబే చూపిన 70 శాతము సంగతి ఈ ప్రశ్నలోనే యిమిడి యున్నది.

మరియొక సంగతి గూడ మరువరాదు. శామీర్‌పేట తన ఇండ్లను, తగవులను, దేవతలను, అప్పులను, ఆశలను దాచుకొనక పరాయివారికి విప్పి చూపినది. దానివలన ఒక విద్వాంసునకు కీర్తి వచ్చినది, ఒక శాస్త్రమునకు పుష్టి కలిగినది, దేశవిదేశముల విద్యార్థులకు జ్ఞానము లభించినది. ఊరికి ఏమి దక్కినది? ప్రణాళిక కొలదికాలమే సాగినది, బృందము వెడలిపోయినది, గ్రంథము నిలిచినది. పల్లె విద్యార్థికి గురువైనపుడు గురుదక్షిణ చెల్లింపవలసిన బాధ్యత విద్యార్థిదే. దూబే ఆ ఋణమును తనకు సాధ్యమైన రీతిని తీర్చుకొనిరని చెప్పవచ్చును. పల్లెపేరు చెప్పి జరుగు పనుల ఫలము ఎవరికి చేరుచున్నదో నిర్మొగమాటముగా లెక్కగట్టి దేశమునకు తెలిపిరి.

నేడు శామీర్‌పేట పొలములు ఇండ్లస్థలములైనవి. నగరము పెరిగి, వెలుపలి వలయరహదారి ఆ ప్రాంతమును చుట్టుకొన్నది. దూబే వర్ణించిన గ్రామము చాలవరకు గ్రంథములోనే మిగిలినది. పల్లెయే నగరమైనపుడు పేదవాడలు రూపు మార్చుకొని కార్మికుల బస్తీలైనవి, వలసకూలీల గుడిసెలైనవి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పాఠశాలలలో పనిచేయు ఉపాధ్యాయులకు వారి పిల్లలు ప్రతిదినము కన్నుల యెదుటనే యున్నారు. ఆ పిల్లలు ఏ యూరినుండి వచ్చిరి, వారి తల్లి ఏ పని చేయును, వర్షము కురిసిన దినమున వారు బడికి రాకపోవుటకు హేతువేమి అని తెలిసికొనుటకు గొప్ప ప్రణాళిక అక్కరలేదు. పై తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక సాయంకాలము ఆ వాడలో తిరిగి, వారు చెప్పునది వినినచో చాలును. మరునాడు ఆ తరగతిలో చెప్పవలసిన పాఠము వేరుగా తోచును.